కొండకు వీపు

వేదిక తిప్పి కడుతున్నారు.

స్కూలు బస్సులో చివరి పిల్లను దింపేసి ఖాళీ బస్సుతో తిరిగి వస్తున్న కవేహికి ఆ సంగతి వెంటనే తట్టలేదు. మైదానంలో చెక్కలు దింపడం, మేకులు కొట్టడం రెండేళ్ల కిందటి దాకా ఏటా చూసిందే. శనివారం హులా నాట్యాల పండుగ. ఇవాళ బుధవారం, వేదిక లేవాలి. కానీ ఈసారి తెల్లటి పెద్ద డేరాను సముద్రం వైపు వేస్తున్నారు. ఏటా జనం కూర్చునేది కొండ పాదాన. ఆడేవాళ్లు ఆ జనం తలల మీదుగా పూహౌ కొండను చూస్తూ ఆడతారు. వాళ్లు ఆడేది కొండకు చెప్పుకునే పాట, దాన్ని మరోవైపు తిరిగి ఆడిన రోజు లేదు. చూసేవాళ్ల డేరా ఇటు వేస్తే ఆడేవాళ్ల ముఖాలూ ఇటే తిరగాలి. వీపులు కొండకు పెట్టాలి. కవేహి బ్రేకు మీద కాలు వేసింది.

బస్సును అక్కడ ఆపకూడదని రూలు. ఆపింది. తాళంచెవి కూడా తీయకుండా దిగి, గడ్డిలో అడ్డంగా నడిచి డారిల్ దగ్గరికి వెళ్లింది. డారిల్ నకమూరా ఆమెతో పాటు ఆరో తరగతి నుంచి ఒకే బడిలో చదివినవాడు. ఇప్పుడు కొండ మీద ఇళ్లు కట్టే కంపెనీ తరఫున ఇలాంటి పనులన్నీ చూసిపెడుతున్నాడు. మైదానం బాగోగులు కూడా రెండేళ్ల నుంచి ఆ కంపెనీవే.

డేరా ఎందుకు ఇటు వేస్తున్నారని అడిగింది. చేతిలోని కాగితాల మీంచి తల ఎత్తకుండానే డారిల్ చెప్పాడు, సినిమా తీస్తున్నారట. ఆడేవాళ్ల వెనక కొండ కనబడాలట, కొండ మీద కొత్త ఇళ్ల ఎర్ర కప్పులు కనబడాలట. కొనేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారట, వాళ్ల కళ్లలో ఎండ పడకూడదట.

"మరి మనవాళ్లు ఎక్కడ కూర్చుంటారు?"

డారిల్ పెన్నుతో వేదిక వెనక్కి చూపించాడు. అక్కడ జనరేటర్ బండి ఆగి ఉంది. దాని పక్కన కర్రలు పాతి తాడు కడుతున్నారు. వేదిక ఛాతీ ఎత్తు ఉంటుంది కాబట్టి చాపల మీద కూర్చుంటే ఫొటోలో పడరు. నిలబడొద్దని మాత్రం అందరికీ చెప్పాలి.

"అంటే మా అమ్మ మా వీపులు చూస్తూ కూర్చోవాలా?"

"నామీద ఎగరకు కవేహీ. నేను జీతం తీసుకునేవాణ్ణి. వెళ్లి మీ కూమును అడుగు. ఆవిడ సోమవారమే సరేనంది."

కవేహికి అరికాలి మంట నెత్తికెక్కింది. హులా నేర్పిన గురువు, కూము సరేనదు. ప్రపంచం తలకిందులైనా అనదు. ఆ మాటే అనబోయింది కానీ రోడ్డు మీద ఎవరో హారన్ మోగిస్తున్నారు, బస్సు దారికి అడ్డంగా ఉంది.

*

కూము ఎమలియా వరండాలో చాప మీద కూర్చుని తీ మొక్క ఆకుల ఈనెలు తీస్తోంది. శనివారం కట్టుకునే లంగాలకు ఇరవై రెండు మందికీ ఆకు కావాలి. ఆకును బోర్లించి, బొటనవేలి గోరుతో ఈనె మొదట్లో చీరి, పళ్లతో పట్టుకుని ఒక్క లాగు లాగితే ఈనె నిలువునా ఊడి వస్తుంది. ఎనభై ఒకటో ఏట కూడా ఆవిడ పళ్లు ఆ పనికి పనికొస్తున్నాయి. ఊళ్లో యాభై ఏళ్లుగా హులా నేర్పింది ఆవిడే. కవేహికి ఏడేళ్లప్పుడు, కొండను చూపించే చెయ్యి రెండు వేళ్ల వాసి పక్కకు పోయిందని వెదురు బెత్తంతో మణికట్టు మీద కొట్టింది. పూహౌ అక్కడ లేదు, ఇక్కడ ఉంది అని చెయ్యి పట్టుకుని సరిచేసింది.

కవేహి చాప మీద కూర్చుని తనూ ఒక కట్ట అందుకుంది. కోపంగా ఉన్నా సరే, కూము పని చేస్తుంటే ఎదురుగా ఊరికే కూర్చోవడం ఎవరూ నేర్చుకోలేదు. నాలుగు ఆకులు చీల్చాక అడిగింది. సరేనన్నారట, నిజమేనా?

నిజమే అంది కూము.

"డేరాలో వాళ్లకు ముఖాలు చూపించి, కొండకు వీపు పెట్టి ఆడమన్నారా? మీరు?"

"నేనే."

అయిదో ఆకు అడ్డంగా చిరిగిపోయింది. కూము దాన్ని అందుకుని పక్కన పడేసింది. చిరిగిన ఆకు లంగాకు పనికిరాదు. తర్వాత నెమ్మదిగా, ఎవరినో తిడుతున్నట్టు కాకుండా, లెక్క చెబుతున్నట్టు చెప్పింది. పోయినేడాది మైదానం ఇవ్వలేదు. అంతకు ముందు ఏడాదీ ఇవ్వలేదు. రెండేళ్లు పిల్లలు ఈ పాట ఎక్కడ ఆడారు? కొట్ల వెనక కార్లు ఆపే చోట ఆడారు. కొండ మీదికి తలకు చుట్టుకునే పలపలై ఆకు కోసం వెళితే గేటు దగ్గర నిలబెట్టి సంచులు వెతికారు. అడిగి కోసుకోవాలి, ఒక మొక్కనే దోచుకోకూడదు అని మనం పిల్లలకు నేర్పుతుంటే, ఆ కాపలావాడు మనకు దొంగలని పేరు పెట్టాడు. ఇప్పుడు మైదానం ఇస్తామంటున్నారు. కొండ గేటు తీస్తామంటున్నారు.

"నాకింకెన్నాళ్లు కోపంగా ఉండమంటావే? ఓపిక అయిపోయింది. పాట అంటూ ఆడితే పిల్లలు చూస్తారు. వీపు పెట్టారా ముఖం పెట్టారా అని కొండ లేచి వెళ్లిపోదు."

"ఇది నేర్పింది మీరేనా?"

"నేనే నేర్పాను. ఇప్పుడు తిప్పి నేర్పమంటున్నాను. మూడు రోజులుంది. నీ చేత కాకపోతే చెప్పు, ఇంకొకర్ని చూసుకుంటాను."

ఆ చివరి మాట గురి చూసి కొట్టింది. హులా గుంపుకు ముందు నిలబడి ఆడేది కవేహి. ఒక చరణం అయిపోగానే తర్వాతి చరణం మొదటి మాటను గట్టిగా అందించేది తనే. వెనక కూర్చుని సొరబుర్ర మీద తాళం వేస్తూ పాడే కూము ఆ అందించిన మాటను పట్టుకునే ముందుకు వెళుతుంది. ఏ మాట అందిస్తే ఆ చరణమే పాడాలి. పదకొండేళ్లుగా ఆ స్థానం కవేహిది. తన తర్వాత ఈ గుంపును ఎవరికి అప్పగించాలో కూము ఎప్పుడూ పైకి అనలేదు కానీ అందరికీ తెలుసు.

కవేహి మిగిలిన ఆకులన్నీ ఈనెలు తీసి, తడిగుడ్డలో చుట్టి, లేచి వచ్చేసింది.

*

కోపాన్ని ఏం చెయ్యాలో తెలియక పనిలో పెట్టింది. గురువారం పొద్దున పిల్లలను దింపాక షెడ్డులో బస్సు పక్కన నిలబడి, పక్క అద్దంలో చూసుకుంటూ పాట మొత్తం తిప్పి కట్టింది. మొదటి చరణం కొండ, రెండోది పొగమంచు, మూడోది వైనోహో ఊట. కొండ రాళ్ల కింద నుంచి వచ్చి చేమమళ్లను తడిపే నీళ్లు అవి. ఆ ఊటకు ఇప్పుడు కంపెనీ ఇనుప మూత బిగించింది. ఈ మూడు చరణాల్లో చేతులను ముందుకు కాకుండా భుజం మీదుగా వెనక్కి తీసుకెళ్లాలి. అద్దంలో చూస్తే అది కొండను చూపించినట్టు లేదు, వీపు గోక్కున్నట్టు ఉంది. అయినా చేసింది. పదిసార్లు, ఇరవైసార్లు.

కష్టమంతా నాలుగో చరణంలో ఉంది. అందులో ఒక చుట్టు ఉంది. ఆడేవాళ్లు సముద్రం వైపు తిరిగి, వలలు లాగి, మళ్లీ కొండ వైపు తిరిగి 'నీ దగ్గరికే వస్తాం' అనాలి. ఇప్పుడు మొదటే సముద్రం వైపు ఉంటారు. సగం తిరిగితే కొండ ఎదురవుతుంది, అక్కడ ఆగకూడదు, పూర్తిగా చుట్టు తిరిగి మళ్లీ డేరా వైపే ఆగాలి. షెడ్డులో మెకానిక్కు రెంచి పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. చుట్టు పూర్తయ్యేసరికి కవేహికి తల తిరిగింది, కానీ కాళ్లు ఆగమన్నచోటే ఆగాయి.

సాయంత్రం చర్చి హాల్లో సాధన. కిటికీలు లేని హాలు అది. అక్కడ కొండ కనబడదు, సముద్రం కనబడదు. తిప్పి నేర్పడానికి అదే మేలనుకుంది. అందరికీ సంగతి చెప్పింది. ఇరవై ఒక్కమందీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బ్యాంకులో పనిచేసే పులామా, నవ్వుతున్నావా ఏడుస్తున్నావా అని అడిగింది. కవేహి రెండూ కాదని చెప్పి తాళం మొదలుపెట్టింది.

మూడు చరణాలు ఎలాగోలా లాక్కొచ్చారు. నాలుగో చరణంలో చుట్టు దగ్గర గుంపంతా సగం తిరిగి ఆగిపోయింది. కవేహి ఆపి మళ్లీ చెప్పింది. మళ్లీ ఆగారు. హాల్లో నాలుగు తెల్ల గోడలు తప్ప ఏమీ లేవు, అయినా ప్రతి ఒక్కరి పాదాలూ సరిగ్గా ఆ గోడ అవతల పూహౌ కొండ ఉన్న వైపే ఆగుతున్నాయి. కవేహికి ఒళ్లు మండింది. ఎవరి మీద మండుతోందో తనకే తెలియదు, పైకి మాత్రం వాళ్ల మీదే పడింది. పూర్తి చుట్టు, పూర్తి చుట్టు అని గొంతు పోయేలా అరిచింది.

శుక్రవారం సాయంత్రానికి ఇరవై మందికి వచ్చింది. నోహెయా ఆంటీకి రాలేదు.

నోహెయా ఆంటీకి డెబ్బై నాలుగు. కూముకు మొదటి శిష్యురాలు. వాళ్ల మళ్లలో చేమ దుబ్బులు పీకి పీకి నడుం ఒంగింది కానీ పాట మొదలైతే నిటారుగా అవుతుంది. ముందు వరసలో కుడి చివర ఆవిడ స్థానం. చిన్నవాళ్లకు అనుమానం వస్తే ఆవిడ చేతులను చూసి సరిచేసుకుంటారు. అలాంటి మనిషి ప్రతిసారీ సగం చుట్టులో ఆగిపోయి, అందరూ డేరా వైపు తిరిగాక కూడా ఒక్కతే అటు తిరిగి నిలబడుతోంది.

"నా కాళ్లు నా మాట వినట్లేదే పిల్లా. తిరగమంటాను. అవి ఆగిపోతున్నాయి."

"రేపటికి వినకపోతే ఎలా ఆంటీ? ముందు వరసలో ఒక్కరు తప్పితే మొత్తం తప్పినట్టే కదా."

ఆవిడ లంగా అంచు చేత్తో నలుపుకుంది. కవేహి అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. నోహెయా ఆంటీని వెనక వరసలోకి, కూము కూర్చునే చోటికి ఆనుకుని నిలబడమంది. అక్కడైతే కెమెరాలో పడదని కూడా చెప్పింది. పడదు అనే ఆ మాట తన నోట్లోంచి వస్తుంటే డారిల్ గొంతు వినిపించినట్టయింది, కానీ అనేసింది, వెనక్కి తీసుకోలేదు. డెబ్బై నాలుగేళ్ల మనిషి తన చెప్పులు, నీళ్ల సీసా తీసుకుని, వరసల మధ్య నుంచి వెనక్కి నడిచి వెళ్లింది. దారి ఇస్తూ అందరూ పక్కకు జరిగారు. ఎవరూ కవేహి వైపు చూడలేదు.

*

శనివారం ఎండ బాగా కాసింది. పది గంటలకల్లా డేరా నిండింది. తెల్ల గుడ్డలు తొడిగిన కుర్చీలు, ప్రతి కుర్చీ మీద ఒక దండ. ఆ దండలు కట్టింది ఊరివాళ్లే. కట్టినవాళ్లు తాడు వెనక, జనరేటర్ రొదలో, చాపలు పరుచుకుని ఎండలో కూర్చున్నారు. చంటిపిల్లల తలల మీద తువ్వాళ్లు కప్పారు. కవేహి వాళ్లమ్మ మడత కుర్చీ తెచ్చుకుంటే, కుర్చీ ఎత్తు ఎక్కువవుతుందని డారిల్ మనిషి తీయించాడు. ఆవిడ గడ్డి మీద కాళ్లు చాపుకుని కూర్చుని వేదిక చెక్కల అడుగు భాగం చూస్తోంది.

కవేహి మెట్ల దగ్గర అందరి దండలూ సరిచేసింది. పలపలై ఆకులు తలకు చుట్టుకుని, తీ ఆకుల లంగాలు కట్టుకుని ఇరవై రెండు మంది ఎక్కారు. మూడు వరసలు, వాటికి ముందు ఒక అడుగు దూరంలో కవేహి. అందరి వెనక, కొండ వైపు అంచున, కూము చాప మీద కూర్చుని సొరబుర్రను ఒళ్లో పెట్టుకుంది. ఆవిడ ముందు మైకు ఉంది. వెనక వరసలో కుడి చివర నోహెయా ఆంటీ.

తాళం పడింది. కవేహి మొదటి మాట అందించింది.

"అదిగో పూహౌ!"

కూము అందుకుంది. మొదటి చరణం తప్పు లేకుండా సాగింది. చేతులన్నీ ఒక్కసారే భుజాల మీదుగా వెనక్కి వెళ్లాయి. డేరాలో ఫోన్లు లేచాయి. రెండో చరణమూ అంతే. మూడో చరణంలో ఊట పేరు వచ్చినప్పుడు ముందు వరస కుర్చీలో ఒకాయన పక్కావిడ చెవిలో ఏదో చెప్పి, ఆడేవాళ్ల తలల మీదుగా ఎర్ర కప్పులను చూపించాడు. ఆయన వేలు సరిగ్గా వైనోహో ఉన్నచోటే చూపించింది. కవేహి పళ్లు బిగించి నవ్వు ముఖం పెట్టి ఆడింది. హులాలో ముఖం కూడా ఆడాలి. ఇంకో చరణం, ఆ తర్వాత ముగింపు చరణం, అక్కడితో ఈ పాపం తీరిపోతుంది అనుకుంది.

నాలుగో చరణం అందించింది. వలలు లాగారు. చుట్టు వచ్చింది. కవేహి తిరిగింది, ఒక్క క్షణం కొండ కళ్ల ముందు నుంచి జారిపోయింది, మళ్లీ డేరా ఎదురైంది, పాదాలు చెక్క మీద ఆగాయి. షెడ్డులో చేసినట్టే, సరిగ్గా. లోపల ఎక్కడో ఒక మూల తృప్తి కూడా కలిగింది.

'నీ దగ్గరికే వస్తాం' అని అందరూ గొంతు కలపాల్సిన చోటు. గొంతులు కలిశాయి, కానీ దూరంగా వినిపించాయి. తన వీపు వెనక నుంచి ముందుకు రావాల్సిన పాట వెనక్కి వెళ్లిపోతోంది. డేరాలో ఫోన్లు ఒక్కొక్కటిగా దిగుతున్నాయి. ముందు వరస ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. కెమెరా పట్టుకున్న కుర్రది చేత్తో ఇటు తిరగండి, ఇటు తిరగండి అని సైగ చేస్తోంది. తనకు కాదు. తన వెనక్కి. డేరా పక్క నుంచి డారిల్ మైకు పెట్టె దగ్గరికి పరుగెత్తడం కనబడింది. ఒక్క దెబ్బకి స్పీకర్లు ఆగిపోయాయి. కూము గొంతు ఆగలేదు. పైకి లేచింది.

కవేహి తల తిప్పి చూసింది.

ఇరవై ఒక్క వీపులు. సగం చుట్టులో నోహెయా ఆంటీ కాళ్లు ఎప్పటిలాగే ఆగిపోయాయి. ఆవిడను చూసి ఆ వరస ఆగింది, ఆ వరసను చూసి మధ్య వరస, దాన్ని చూసి ముందు వరస. ఎవరూ ముందుగా అనుకున్నది కాదు. బుధవారం నుంచి పళ్లు కొరుకుతున్నది, గురువును నిలదీసింది, డారిల్ మీద ఎగిరింది తను. ఈ వేదిక మీద డేరాకు ముఖం పెట్టి నిలబడ్డది తనొక్కతే. వెనక వరస ఇప్పుడు ముందు వరస అయింది. కూముకు ఎదురుగా, కొండకు ఎదురుగా నోహెయా ఆంటీ ఉంది. తను అందరికంటే చివర.

సిగ్గుతో ఒళ్లంతా చచ్చిపోయింది. వేదిక దిగి బస్సెక్కి ఎటైనా పోవాలనిపించింది. కాళ్లు మాత్రం తిరిగాయి.

తిరిగేసరికి వేదిక అవతల తాడు వెనక జనం కనబడ్డారు. నిలబడి ఉన్నారు. మొదట ఎవరు లేచారో తెలియదు, ఇప్పుడు అందరూ నిలబడ్డారు, చంటిపిల్లలను భుజాల మీదికి ఎత్తుకున్నారు. వాళ్లమ్మ జనరేటర్ బండి చక్రం పట్టుకుని లేస్తోంది. ఎవరో ఆ జనరేటర్ కట్టేశారు. దాంతో కూము గొంతు, సొరబుర్ర మీద అరచేతి దెబ్బ స్పష్టంగా వినిపిస్తున్నాయి.

చరణం అయిపోయింది. కూము ఉత్త తాళం వేస్తూ ఆగింది. ముగింపు చరణం మొదటి మాట అందించాల్సింది కవేహి. అందిస్తే పాట అయిపోతుంది. అందరూ వంగి చేతులు చాపి, దిగి, దండలు తీసి, ఇళ్లకు పోతారు. పొరపాటు జరిగింది, ముసలావిడ తడబడింది అని డారిల్ రాసుకుంటాడు. మూడు చరణాలు వీపుతో ఆడిన సంగతి ఎవరూ పట్టించుకోరు.

తాళం నాలుగు దెబ్బలు దాటింది. తన ముందున్న వరసలో ఒకరిద్దరి తలలు కదిలాయి. చివరి వరస నుంచి మాట అందించడం ఎప్పుడూ జరగలేదు. కవేహి గుండె నిండా గాలి పీల్చుకుంది.

"అదిగో పూహౌ!" అంది.

అది మొదటి చరణం. యాభై ఏళ్లలో ఎవరైనా తప్పు చరణం అందిస్తే కూము అక్కడికక్కడే తాళం ఆపేసి, మనిషిని పక్కకు పంపేసేది. ఆవిడ చెయ్యి సొరబుర్ర మీద గాలిలో ఆగింది. ఇరవై ఒక్కమంది అవతల నుంచి, చాప మీద నుంచి, ముడతల మధ్య నుంచి కవేహిని సూటిగా చూసింది. తర్వాత చెయ్యి దిగింది. పాట మొదటి నుంచి మొదలైంది.

డేరాలో కుర్చీలు జరుపుతున్న చప్పుడు వెనక నుంచి వచ్చింది. కొందరు లేచి వెళ్లిపోతున్నట్టున్నారు, కొందరు ఉన్నట్టున్నారు. కవేహి వెనక్కి చూడలేదు. అంత చివర నుంచి ఆమెకు కొండ సరిగా కనబడటం లేదు. అడ్డంగా తలలు, ఆకుల దండలు, ఎండ. మూడు రోజులు తిప్పి తిప్పి ఆడిన చెయ్యి భుజం దాకా లేచి, ఎటు పోవాలో తెలియక తడబడింది. ఇప్పుడు ఎడమ వైపైన చివర, అందరి తలల మీదుగా, నోహెయా ఆంటీ చెయ్యి లేచింది. కవేహి ఆ చెయ్యినే చూస్తూ, అది ఎటు వెళితే అటు తన చెయ్యి చాపింది.